రాయని కావ్యం దొరికింది

తాను రాయని కావ్యం పోయిందని ఫిర్యాదు చేయడానికి ఆస్థానకవి బల్తజార్ చినిగిన చొక్కాతో కోటలోకి పరుగెత్తాడు.

"ప్రభూ, దోచేశారు! తొమ్మిదేళ్ల కష్టం! మీ వంశ చరిత్ర మొత్తం పెట్టెతో సహా ఎత్తుకుపోయారు!"

చొక్కా తనే చించుకున్నాడు. ఖాళీ పెట్టెను తనే నదిలో పడేశాడు. ఈ తొమ్మిదేళ్లలో మహానుభావుడు రాసింది ఒకే ఒక్క పద్యం, అదీ డ్యూక్‌గారి వేటకుక్క మీద. వచ్చే ఆదివారం డ్యూక్ ఓట్‌మార్ యాభయ్యో పుట్టినరోజు. సభలో కావ్యం చదవాల్సిందే. లేదంటే కొలువుతో పాటు ఇల్లు, ఏటా వచ్చే రెండు పీపాల వైన్, చలికాలపు కట్టెలు అన్నీ పోతాయి. డిసెంబరు మంచులో పెళ్లాంతో సహా వీధిన పడాలి.

డ్యూక్ కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. కవులంటే ఆయనకంత పిచ్చి. పక్క సంస్థానాల వాళ్లు ఫిరంగులు కొంటుంటే ఈయన కవుల్ని పోగేశాడు.

"కోటలో ఒక్క గది కూడా వదలొద్దు. ఎవరిదైనా సరే!" అని గ్రంథాలయం చూసే ఎగ్బర్ట్‌ను పురమాయించి, అడవిపందుల వేటకు వెళ్లిపోయాడు.

బల్తజార్ నిశ్చింతగా నిద్రపోయాడు. లేని కావ్యం ఎవరికి దొరుకుతుంది?

ఆదివారానికి దొరికింది.

నిండు సభలో ఎగ్బర్ట్ కాగితాల కట్ట ఎత్తి చూపించాడు. "వంశ చరిత్రే ప్రభూ. పద్యాలే. పరుపు కింద దాచారు. ఎవరి పరుపంటే..."

"అది తర్వాత!" డ్యూక్ గబుక్కున అడ్డుపడ్డాడు. దొంగ మీద కోపమో ఏమో, చెవులు ఎర్రబడ్డాయి. "ముందు చదవవయ్యా."

ఎగ్బర్ట్ చదివాడు. మొదటి పద్యంలో డ్యూక్ ముత్తాత ఒక పందిని చంపాడు. రెండో పద్యంలో చచ్చిన పంది లేచి ఆయన గురిని మెచ్చుకుంది.

ఇది ఎగ్బర్ట్ పన్నిన వల అని బల్తజార్ తేల్చుకున్నాడు. ఆస్థానకవి కుర్చీ మీద వాడికి ఎన్నాళ్లుగానో కన్ను. ఇది నాదే అంటే చాలు, 'కాదు, నేను రాశాను' అని మొత్తం గడగడా అప్పజెప్పి పరువు తీస్తాడు.

"ఏం బల్తజార్, నీదేనా?" డ్యూక్ ముందుకు వంగాడు. "ఎలా ఉందో చెప్పు. మొహమాటపడకు."

"నాదా! ఛీఛీ, కాదు ప్రభూ, దొంగ వెధవ నా కావ్యం మింగేసి ఈ చెత్త పెట్టాడు. వీడికి పద్యమూ రాదు, సిగ్గూ లేదు. చచ్చిన పంది మాట్లాడటమేంటండీ? ఇది రాసినవాడు పశువుల కొట్టంలో పేడ ఎత్తడానిక్కూడా పనికిరాడు!"

సభ ఘొల్లున నవ్వింది. డ్యూక్ నవ్వలేదు. ఎగ్బర్ట్ తల వంచుకుని కాగితాలు సర్దుకుంటున్నాడు. దొరికిపోయాడురా అని బల్తజార్ మురిసిపోయి, ఎగ్బర్ట్‌ను నిలదీశాడు.

"ఇప్పుడు చెప్పవయ్యా, అందరూ వింటారు. ఎవడి పరుపు కింద దొరికింది?"

"ఒక్క గది కూడా వదలొద్దన్నారు కదండీ," అన్నాడు ఎగ్బర్ట్ మెల్లగా. "ఏలినవారి పరుపు కింద. చేతిరాత కూడా ఏలినవారిదే."