తంగేటి చేను

"అయ్యవారూ, మీ తంగేటి చేన్లో నా మంద పెడతా. నాలుగు దినాలు సాలు."

కంచె అవతల నిలబడి అడిగాడు ముసలాయన. పేరు తిరుపాల్. వెనకాల నూరు గొర్రెలు.

కోదండపాణి తలెత్తి చూశాడు. తనకున్న అయిదెకరాల్లో తంగేడు మొక్క ఒక్కటీ లేదు.

"ఏ చేనప్పా?"

"అదే, పడమటి పక్క ఎకరా."

ఆ పొలం దువ్వూరు దగ్గర, కోదండపాణి బడిపంతులుగా రిటైరయ్యాక ఒక భూముల వ్యాపారి దగ్గర కొన్నది. యూరియా సంచి, పురుగుమందు డబ్బా గేటు దాటి లోపలికి రావు. ఆయన, కోడలు సుప్రజ కలిసి పండించే కూరగాయలే ఊళ్లో నలభై ఇళ్లు వండుకుంటాయి. నేల గురించి ఆయన రెండు గంటలు ఆగకుండా మాట్లాడగలడు. వినేవాళ్లు దొరికితే మూడు.

పడమటి ఎకరా మాత్రం ఆయన మాట వినలేదు. ఆరేళ్లు ఆవు పేడ, మూత్రం కలిపిన జీవామృతం పోశాడు, పచ్చిరొట్ట ఎరువుకని నవధాన్యాలు చల్లాడు. మొక్క జానెడు లేచి అక్కడే ఆగిపోయేది. ఈ ఏడు అందులోనే కొర్ర పండించి, మూడు అంగన్‌వాడీల పిల్లలకు ఇస్తానని అందరి ముందూ మాటిచ్చి వచ్చాడు.

"మందకు గింజలెన్ని అడుగుతావు?"

గొర్రెలు పడుకున్న నేలకు వాటి పెంటికలే ఎరువు. అందుకు రైతు గింజలు కొలిచివ్వడం అక్కడి ఆనవాయితీ.

"ఏమీ వద్దు."

కోదండపాణికి అక్కడే అనుమానం వచ్చింది. ఊరికే ఎవరు చేస్తారు? నవధాన్యాల పచ్చ మీద కన్నేశాడన్నమాట.

"నా పొలంలో ఆకు కూడా బయటికి పోగూడదప్పా. పోయిరా."

తిరుపాల్ నవ్వాడు. "పోయినేడూ ఇదే మాట అంటిరి. ముందటేడూ ఇదే." కోదండపాణికి ఆ సంగతే గుర్తు లేదు.

తరువాతి వారం కోదండపాణి జమ్మలమడుగు వెళ్లాడు, అక్కడి రైతులకు నేల గురించి చెప్పడానికి. మూడో రోజు తిరిగొచ్చేసరికి పడమటి ఎకరాలో గొర్రెలు. సగం ఎకరాలో పచ్చ అన్నది లేదు.

"ఎవరు రానిచ్చినారు?"

"నేనే మామా," అంది సుప్రజ. "మూడేండ్ల నుంచి అడుగుతాండాడు. పాపమనిపించింది."

కోదండపాణి కట్టె పట్టుకుని చేలోకి నడిచాడు.

"ఏందప్పా ఇది? మనిషి ఇంట్లో లేనప్పుడు మేపుకుంటే దొంగతనం కాదా?"

"ఇంకా సగముంది అయ్యవారూ. ఇంకో రెండు దినాలు..."

"ఒక్క పూట కూడా లేదు."

తిరుపాల్ గుంజలు పీకి, మందకు కట్టిన వల చుట్టి భుజాన వేసుకున్నాడు. గేటు దగ్గర మాత్రం ఆగాడు.

"దున్నొద్దండి. వాన పడినాక కొర్ర ఎదబెట్టండి. మూల రాయి కాడ నీళ్లు నిలుస్తాయి, చిన్న కాలువ తీయండి."

"నాకే పాఠం చెబుతాండాడు," అన్నాడు కోదండపాణి కోడలితో.

వాన పడింది. మూల రాయి దగ్గర నీళ్లు నిలిచాయి. కోడలు చూడకుండా కోదండపాణి కాలువ తీశాడు.

ఆశ్వయుజంలో కొర్ర వెన్ను వేసి వంగింది. మంద పడుకున్నంత మేరా నడుమెత్తు పైరు. తరిమేసిన చోటి నుంచి అవతల చీలమండ ఎత్తు. మధ్యలో తాడు పట్టి గీసినట్టు గీత.

"ఇది మీ జీవామృతమేనా మామా?" అడిగింది సుప్రజ.

కోదండపాణి ఆ గీత వెంబడే ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా నడిచాడు.

గింజలు రెండు అంగన్‌వాడీలకు సరిపోయాయి. మూడో చోట పిల్లలు ఎదురు చూస్తున్నారు. ఆయనకు సిగ్గేసింది. గొర్రెల వ్యాపారి ఖలందర్‌ను అడిగి తిరుపాల్ ఊరు తెలుసుకున్నాడు. గండికోట దిగువన, అత్తగారి ఊరట. విత్తనానికి ఉంచుకున్న కొర్రల్లోంచి చిన్న సంచి నింపుకుని బస్సెక్కాడు. తప్పు ఒప్పుకోవడం ఆయనకు అలవాటు లేదు. దారి పొడుగునా మాటలు కూర్చుకుంటూనే ఉన్నాడు.

ఇంటి ముందు పెద్దావిడ కూర్చుని ఉంది. తిరుపాల్ భార్య పెంచలమ్మ.

"దువ్వూరు నుంచి వచ్చినానమ్మా."

"తంగేటి చేను అయ్యవారా? కూర్చోండి. ఆయన లేడు సామీ. వినాయక చవితి ముందర పోయినాడు."

కోదండపాణి అరుగు మీద కూలబడ్డాడు. కొర్రల సంచి ఆమె ముందు పెట్టాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఆ మనిషిని దొంగ అన్నానమ్మా."

"చెప్పినాడు. నవ్వినాడు గూడా."

ఆమె సంచిలో చెయ్యి పెట్టి గుప్పెడు కొర్రలు తీసింది. అరచేతుల్లో నలిపి, పొట్టు ఊదేసి, గింజను చాలాసేపు చూసింది.

"గట్టి గింజ. మా మరిది మందను తోలుకొస్తాడు లెండి. మిగిలిన సగం ఇడిసిపెట్టొద్దని మా ఆయన మాట తీసుకుని మరీ పోయినాడు."

"పరాయి చేను మీద ఎందుకమ్మా అంత పట్టు?"

పెంచలమ్మ గింజల్ని మళ్లీ సంచిలో పోసింది.

"పరాయిది యాడిది సామీ, తంగేడంతా కొట్టి, పత్తికని మందులూ యూరియా కుమ్మరించి ఆ చేను ఉసురు తీసింది ఆయనే, అది అమ్మిన దుడ్లతో కొన్నవే ఈ గొర్రెలు."