రీడెల్ గారి ఆవులు

“ఛీ! ఇది ఆడమనిషా, కుళ్లిన గుమ్మడికాయా?”

ఒట్టోకర్ రీడెల్ ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకున్నాడు. గదంతా రంగుల్లో కలిపే టర్పెంటైన్ వాసన. దానికి తోడు ఉడికి చల్లారిన క్యాబేజీ కంపు. గోడల వెంట నెత్తురు రంగు చెట్లు, తాగినట్టు ఒరిగిన ఇళ్లు, నీలం తొడల ఆడవాళ్లు. చూస్తుంటే పొద్దున తిన్న సాసేజి గొంతులోకి ఎగదన్నుతోంది.

“అన్నీ లారీలోకి ఎక్కించండ్రా. తర్వాత చేతులు కడుక్కోవడం మరిచిపోకండి,” అన్నాడు కూలీలతో.

అది 1937 వేసవి. జాతికి తలవంపులు తెచ్చే బొమ్మలన్నీ పట్టుకురమ్మని ప్రభుత్వం ఆజ్ఞ. డ్రెస్డెన్‌లో ఆ పని రీడెల్‌ది. ముప్పయ్యేళ్ల కిందట ఊళ్లో ఈ రోతకు తెరతీసిన తొలి చిత్రకారుల్లో కాన్‌రాడ్ థీమే ఒకడు. మనిషి పోయాడు, రోత మిగిలింది. అతని భార్య హెడ్విగ్ కిటికీ దగ్గర చేతులు కట్టుకుని నిలబడింది.

“అయ్యా, దీనికి వెనకాల కూడా బొమ్మ ఉందండీ!” అన్నాడో కూలీ, పటాన్ని తిరగేసి.

“బొమ్మకో గుడ్డ కొనే స్తోమత ఎక్కడేడ్చింది మాకు?” అంది హెడ్విగ్.

“ఒక గుడ్డకి రెండు పాపాలన్నమాట! సరే గానీ, అసలుదేదమ్మా? ఆ ఆకుపచ్చ పిల్ల?”

అతను వచ్చింది దానికోసమే. జనం చూసి నవ్వుకోవడానికి పెడుతున్న ప్రదర్శనలో మొదటి గోడ దానిదేనని పైవాళ్లు పేరుపెట్టి మరీ అడిగారు. దాని సంగతి తేల్చకపోతే తన కుర్చీ కదులుతుంది.

“కాల్చేశాను.”

“ఏంటీ?”

“పొయ్యిలో చూసుకోండి.”

రీడెల్ చువ్వతో బూడిద కెలికాడు. వంకరపోయిన మేకులు, మాడిన చట్రం ముక్క, దానికి అంటుకుని ఆకుపచ్చ పెచ్చు.

“అది మా ట్రూడి బొమ్మ బాబూ. అది వేసిన చలికాలమే పిల్ల పోయింది. ఫొటో తీయించడానికి కూడా నోచుకోలేదు. ఉన్న ఒక్క రూపానికీ ఆ మనిషి ఆకుపచ్చ పులిమి కూర్చున్నాడు. ఏ తల్లి చూస్తుంది చెప్పండి? తలుచుకుంటేనే కడుపులో దేవుతుంది.”

“ఈ ఇంట్లో బుద్ధున్నది నీకొక్కదానికేనమ్మా. కానీ ప్రభుత్వం అడిగింది తగలబెడితే జైలు. తెలుసా?”

హెడ్విగ్ మొహం పాలిపోయింది. అప్పుడే రీడెల్ చూపు తలుపు పక్కనున్న పటం మీద పడింది. ఎల్బె నది ఒడ్డు. సంధ్యవేళ. గోధుమరంగు ఆవులు. పితికితే చెంబుడు పాలు ఇచ్చేట్టున్నాయి. అతని చేతిలో రుమాలు దానంతటదే కిందికి దిగింది.

“ఇదెవరిది?”

“ఆయనదే. చిత్రకళ అకాడమీలో చదువుకునే రోజుల్లోది. అప్పటికింకా చెడిపోలేదు.”

రీడెల్ పటాన్ని దించి తిప్పాడు. చట్రం వెనక మందపాటి కాగితం అంచుల దాకా అంటించి ఉంది.

“దుమ్ము, తేమ తగలకుండా నేనే అంటించాను. చింపకండి బాబూ, పాత రంగు, పెచ్చులూడుతుంది.”

కూలీలు మెట్లు దిగేదాకా ఆగి రీడెల్ గొంతు తగ్గించాడు. “నువ్వు కాల్చిన సంగతి నేను మరిచిపోతాను. ఈ ఆవులు మా భోజనాల గదిలో మేస్తాయి. ఏమంటావు?”

“అయ్యో, నాకు మిగిలింది అదొక్కటే!”

“జైలా, ఆవులా?”

హెడ్విగ్ భుజాల మీది శాలువా అంచుతో కళ్లొత్తుకుంది. “తీసుకెళ్లండి. ఆ లారీలో మాత్రం పడేయకండి, వాటితో పాటు కాల్చేస్తారు. మీ ఇంటి గోడకే ఉంచండి. ఏడాదికోసారి, ఆయన పోయినరోజున వచ్చి కాగితం మార్చి పోతాను. కాదనకండి.”

“రా తల్లీ, దానికేం!” అన్నాడు రీడెల్. జాలిపడటం అతనికి ఎప్పుడూ హాయిగానే ఉంటుంది.

*

ఆవులు రీడెల్‌కు కలిసొచ్చాయి. భోజనానికి వచ్చిన పై అధికారి వాటి ముందు నిలబడి, “బొమ్మంటే ఇదయ్యా!” అన్నాడు.

“ఆ ఆకుపచ్చ దరిద్రాన్ని నా చేత్తోనే పొయ్యిలో పెట్టానండీ. మోసుకు రావడానిక్కూడా మనసొప్పలేదు,” అన్నాడు రీడెల్. ప్రదర్శనకి ఒకటి తగ్గితేనేం, రోషమంటే ఇదీ అని అందరూ అతని పేరు చెప్పుకుని గ్లాసులెత్తారు. నెల తిరక్కుండా పెద్ద కుర్చీ వచ్చింది.

చెప్పినట్టే, మొగుడు పోయినరోజున హెడ్విగ్ వచ్చింది. చంకలో కాగితం చుట్ట, చేతిలో జిగురు గిన్నె.

“వచ్చిందండీ మీ ఆవులావిడ!” అని నవ్వింది రీడెల్ భార్య ఎర్నా. “దుమ్ము లేస్తుందట, తలుపేసుకుంది. గంటైంది. కాగితం అంటిస్తోందా, పాలు పితుకుతోందా?”

“పాపం, మొగుడు చేసిన ఒకే ఒక్క మంచిపని. తనివితీరా చూసుకోనీ,” అన్నాడు రీడెల్. కేకు ముక్క ఒకటి పళ్లెంలో పెట్టుకుని, తనే ఇద్దామని తలుపు తోశాడు.

ఆవులు బల్లమీద బోర్లా పడి ఉన్నాయి. చింపిన పాత కాగితం నేలమీద ఉంది. హెడ్విగ్ పటం వెనక్కి వంగి, జ్వరం చూసినట్టు అరచేత్తో దేన్నో మెల్లగా తడుముతోంది.

రీడెల్ గదిలోకి రెండడుగులు వేశాడు. చెయ్యి రుమాలు కోసం జేబులోకి పోయింది.

ఆవుల వీపు వెనక నుంచి, ఆకుపచ్చ ట్రూడి అతన్ని చూసి నవ్వుతోంది.