గొలుసు పట్టు

"నాయినా, జర ఆ చెయ్యి ఇడువు. అందరు చూస్తున్నరు."

సాయికుమార్ గొంతు తగ్గించి అన్నాడు. ఎల్‌బీ నగర్ మైదానంలో కబడ్డీ పోటీలు. సాయంత్రం ఒక పాత ఆటగాడికి సన్మానం. ఆ ఆటగాడు అతని తండ్రి జానయ్య. ముందు వరుసలో సాయికుమార్ అత్తగారి వాళ్లంతా కూర్చున్నారు.

జానయ్య వినలేదు. పక్కనున్న అంతయ్య చెయ్యి ఇంకా గట్టిగా పట్టుకున్నాడు.

ఒకప్పుడు మిల్లు జట్టులో ఇద్దరూ మూలన నిలబడి, చేతులు కలిపి గొలుసు కట్టేవాళ్లు. చెయ్యి నొక్కితే ముందుకు, వదులు చేస్తే వెనక్కి. కూతకెళ్లినవాళ్ల ఫొటోలు పేపర్లో పడేవి. కాళ్లు పట్టి ఆపిన జానయ్యది ఒక్కటీ పడలేదు. ఇన్నేళ్లకు పిలుపొచ్చింది.

"కొత్త ఆలుమొగల లెక్క గిదేంది? కర్మన్‌ఘాట్ గుడికి పోతె గట్లనే, చాయ్‌కి పోతె గట్లనే. మొన్న మా మామ ఎదురొచ్చి దండం పెడ్తె పలకకపోతివి. పొగరనుకున్నడు."

"నోరు తెరిచి పిలువొచ్చు గద మీ మామ."

"టీవీల కబడ్డీ పెడ్తె గోడ దిక్కు మొకం పెడ్తవ్."

"మట్టి లేని ఆట ఏం సూడాలె?"

నిర్వాహకుడు త్రినాథరావు మైకులో పిలిచాడు. "జానయ్యగారూ, వేదిక మీదికి దయచేయండి."

జానయ్య లేచాడు. అంతయ్యా లేచాడు.

సాయికుమార్ ముఖం మాడిపోయింది. "నువ్వెందుకు పెద్దనాయినా? శాలువా నీకు గూడ కావాల్నా?"

అంతయ్య ఏదో చెప్పబోయాడు. జానయ్య తల అడ్డంగా ఊపాడు. అంతయ్య మెల్లగా చెయ్యి వదిలేశాడు.

సాయికుమారే తండ్రి జబ్బ పట్టి మెట్లెక్కించాడు. వేదిక నడుమ నిలబెట్టి గబగబా దిగిపోయాడు. శాలువా కప్పినవాళ్లు ఫొటోల కోసం జానయ్యను అటూ ఇటూ తిప్పారు. నాలుగు మూలలా స్పీకర్లు మోగుతున్నాయి.

"అందరికీ ఒక్క నమస్కారం పెట్టండి," అన్నాడు త్రినాథరావు మైకు అందిస్తూ.

జానయ్య వెనకనున్న ఫ్లెక్సీకి దండం పెట్టాడు.

ఎవరో నవ్వారు. మామ కూడా నవ్వాడు. సాయికుమార్ సిగ్గుతో తల దించుకున్నాడు.

జానయ్య ఖాళీ చెయ్యి పక్కకు చాచాడు. మెల్లగా అన్న మాట మైకులో మైదానమంతా వినిపించింది.

"అంతన్నా, జనం ఎటు దిక్కున్నరే?"