లింకుకో చుక్క

కన్నారావు సైకిల్ షాపు ముందు లహరి రెండు చేతుల్లో రెండు చైను నూనె సీసాలు పట్టుకుని నిలబడింది.

"ఇది పొడి రోడ్డుకి, అది తడి రోడ్డుకి. ఏది కావాలో చెప్పమ్మా," అన్నాడు కన్నారావు.

"ఏది మంచిది భయ్యా?"

"రెండూ మంచివే."

లహరి ఆకాశం వైపు చూసింది. షాపున్న మిడిల్ పాయింట్‌లో ఎండ మండిపోతోంది. హాడో రేవు వైపు మాత్రం మబ్బు పట్టి ఉంది.

"రెండూ వద్దు," అన్నాడు తాత సూరయ్య. "ముప్పై ఏళ్లు ఓడ ఇంజిన్లకి గ్రీజు పెట్టినోణ్ణి. ఉప్పుగాలిని ఆపేది అదొక్కటే. పొద్దున్నే దండిగా పూసేశాను."

పూసిన మాట నిజమే. చైను నల్లగా, లావుగా ఉంది. దాని నిండా ఇసుక.

"ఫోన్లో వీడియో పొడిది వాడమంటోంది. మా కోచ్ సార్ తడిదంటున్నారు. నువ్వేమో గ్రీజంటావు. ఎవరి మాట వినాలి తాతా?"

మర్నాడే ట్రయల్స్. దీవుల సైక్లింగ్ జట్టులో అమ్మాయిలకి మిగిలింది ఒక్క చోటే. వచ్చే ఏడాదికి లహరికి వయసు దాటిపోతుంది.

షాపు మెట్టు మీద టీ తాగుతున్న ఒకాయన గ్లాసు పక్కన పెట్టి లేచాడు. చైనుని వేలితో ముట్టుకున్నాడు.

"పెద్దాయనా, ఓడ ఇంజిన్లో ఇసుక ఉండదు. రోడ్డు మీద ఉంటుంది. గ్రీజు దాన్ని పిలిచి మరీ కూర్చోబెడుతుంది."

"మధ్యలో నువ్వెవరివయ్యా?"

ఆయన షాపు వైపు తిరిగాడు. కన్నారావుని కాస్త కిరసనాయిలు, పాత బ్రష్షు అడిగాడు. లహరిని నీడలోకి రమ్మని, సైకిల్‌ని కూడా అక్కడికి జరిపి, తలకిందులుగా నిలబెట్టి, గీకడం మొదలుపెట్టాడు.

"రేపేమైనా పోటీ ఉందా బేటీ?"

"ట్రయల్స్ అంకుల్. ఒక్కరినే తీసుకుంటారు."

బ్రష్షు ఆగింది.

"అయిపోయిందా?" అన్నాడు సూరయ్య విసుగ్గా.

"ఇంకా లేదు," అన్నాడాయన కాసేపటికి. మళ్లీ గీకాడు.

చైను వెండిలా బయటపడింది. గుడ్డతో ఆరేదాకా తుడిచాడు. అప్పుడు లహరి చేతిలోంచి తడి రోడ్డు సీసా తీసుకుని, పెడల్‌ని వెనక్కి తిప్పుతూ లింకుకో చుక్క వేశాడు.

అది ఇంకేదాకా పది నిమిషాలు ఆగాడు. తర్వాత జేబురుమాలు తీసి చైను పైనంతా తుడిచేశాడు.

సూరయ్య లబోదిబోమన్నాడు. "అరే పాగల్! పోసిందంతా తుడిచేస్తున్నావేంటి?"

"లోపలికి వెళ్లాల్సింది వెళ్లింది. పైన మిగిలింది దుమ్ముకే పనికొస్తుంది."

"మా పిల్లని ఓడించమని నిన్నెవరు పంపారు?"

ఆయన నవ్వబోయి మానేశాడు. చల్లారిన టీ అలాగే వదిలేసి వెళ్లిపోయాడు.

ఇంటికి రాగానే సూరయ్య గ్రీజు డబ్బా తెచ్చాడు.

లహరి చైనుని ముట్టుకుంది. వేలికి ఏమీ అంటలేదు. నూనె ఉన్నట్టా, లేనట్టా? పెడల్ తిప్పింది. చప్పుడు లేదు.

"ఏం చెయ్యమంటావు?" అన్నాడు సూరయ్య.

"తెలీదు తాతా. ఇలాగే ఉండనీ."

పొద్దున పోటీ సగంలో ఉండగా వాన పట్టుకుంది. ఒక్కో సైకిలే కిర్రుమనడం మొదలుపెట్టింది. చప్పుడు చెయ్యనివి రెండే. ఒకటి లహరిది. రెండోది, పక్కనే తొక్కుతున్న హట్ బే అమ్మాయి ధరణిది.

ఆ ఇద్దరూ చివరిదాకా విడిపోలేదు. గీత దగ్గర లహరి అరచక్రం ముందుంది.

సూరయ్య మనవరాలిని పట్టుకుని ఏడ్చేశాడు. అంతలోనే గుర్తొచ్చింది.

"ఆ మనిషేడే? నోటికొచ్చినట్టు అన్నాను."

జనంలో వెతికారు. రేకుల షెడ్డు కింద ధరణి తల వంచుకుని కూర్చుంది. ఆమె సైకిల్ పక్కన గొంతుకూర్చుని, ఆయనే చైను తుడుస్తున్నాడు.

"అంకుల్ ఇక్కడేం చేస్తున్నారు?" అంది లహరి అర్థంకాక.

"ఎవరి సైకిల్ కనబడితే వాళ్లది తుడుస్తాడు కాబోలు, పిచ్చి మారాజు," అన్నాడు సూరయ్య. "బాబూ! ఒక్క నిమిషం ఆగు! నీతో మాట్లాడాలి!"

ఆయన తలెత్తి లహరిని చూసి, బాగా తొక్కావన్నట్టు చెయ్యెత్తాడు.

ఆ చెయ్యి పట్టుకుని లేస్తూ, కళ్లు తుడుచుకుంటూ, "హట్ బే ఓడకి టైమైపోతోంది, పద నాన్నా," అంది ధరణి.