సిక్స్టెన్ కాలేయం

"రోజుకి ఎంత తాగుతారు?" కాలేయం ముక్క తీసి చేసిన పరీక్ష రిపోర్టు చూస్తూ అడిగింది డాక్టర్ మాలిన్.

సిక్స్టెన్ కుర్చీలోంచి సగం లేచాడు. "నేనా! మద్యం ముట్టని వాళ్ళ సంఘానికి అధ్యక్షుణ్ణి తల్లీ! శనివారం నాకు నలభై ఏళ్ళ పతకం ఇస్తున్నారు."

"మీ కాలేయం ఆ సంఘంలో చేరినట్టు లేదు. కొవ్వు, వాపు, మచ్చలు. పీపాలో నానబెట్టి తీసినట్టుంది."

పక్కనున్న భార్య గున్వర్ అతని వైపు తల తిప్పింది.

"ఒట్టు గున్వర్! రోజూ మూడు గంటలు సరస్సు మీద మంచుకి బెజ్జం కొట్టి చేపలు పట్టేవాణ్ణి, నాకు తాగే తీరికెక్కడిది?"

"ఇంతవరకు ఒక్క చేప తేలేదు" అంది గున్వర్.

"చేపల తప్పు నా మీద వేస్తావేం? ఈ సంగతి కార్యదర్శి రూనేకి తెలిస్తే పతకం మాట దేవుడెరుగు, మెడపట్టి గెంటేస్తాడు!"

మాలిన్ కాగితాలు తిరగేసి ఆగింది. "రెండేళ్ళ కిందట గుండె లయ తప్పిందని బిళ్ళలు రాశారు. అవి కూడా కాలేయాన్ని ఇలాగే పాడుచేస్తాయి. మైక్రోస్కోపులో పెడితే ఇదీ తాగుబోతు కాలేయమూ కవలపిల్లలు. రోజూ వేసుకున్నారా?"

"వారానికి సరిపడా గళ్ళపెట్టెలో మా ఆవిడే ప్రతి ఆదివారం సర్దిపెడుతుంది. ఏ గడిలో ఏముందో చూడకుండా మింగుతాను. అడగండి!"

మాలిన్ గున్వర్ వైపు చూసింది.

"పెట్టెలో ఏనాడూ ఏదీ మిగల్లేదు" అంది గున్వర్.

"అయితే దొంగ దొరికాడు" అంది మాలిన్. "బిళ్ళ వెంట వచ్చే కాగితంలో రాసే ఉంటుంది, ఎవరూ చదవరు."

"నేను చదివాను" అంది గున్వర్ నెమ్మదిగా.

మాలిన్ ఆ బిళ్ళ మాన్పించి, తప్పంతా ఆ బిళ్ళదేనని సంఘంలో చూపించడానికి ఉత్తరం రాసిచ్చింది. శనివారం రూనే దాన్ని అందరి ముందూ గట్టిగా చదివి, సిక్స్టెన్ కోటుకి పతకం గుచ్చాడు. అందరూ చప్పట్లు కొట్టి, అక్కడి అలవాటు ప్రకారం కాఫీలో జున్ను ముక్కలు వేసుకుని తాగారు. సిక్స్టెన్ కళ్ళు తుడుచుకున్నాడు.

ఇంటికి రాగానే గున్వర్ తన ఉన్ని బూట్లు తీసి పొయ్యి పక్కన పెట్టింది.

"ఎందుకవి?"

"రేపటి నుంచి చేపలకి నేనూ వస్తాను."

"నువ్వా? చలికి చస్తావే!" అన్నాడు సిక్స్టెన్. అతని చెయ్యి పతకం మీదే ఉండిపోయింది.

గున్వర్ బూట్లని పొయ్యికి ఇంకాస్త దగ్గరగా జరిపింది. రెండేళ్ళ కిందట, మొట్టమొదటి ఆదివారమే, 'కాలేయం చెడవచ్చు' అన్న వాక్యం దగ్గర ఆగి, ఆ గుండె బిళ్ళలన్నీ మందుల షాపుకి తిరిగిచ్చేసి, గళ్ళలో విటమిన్ బిళ్ళలు సర్దడం మొదలుపెట్టింది తనే.