ఎవరూ రాలేదు

వీధిలో కారు ఆగిన చప్పుడైంది. యశ్వంత్ గేటు దాకా పరుగెత్తాడు.

ఎదురింటివాళ్ల కారు.

“వచ్చిండ్రా?” లోపలి నుంచి తల్లి ఆండాళు అడిగింది.

“లేదమ్మా. మాటిమాటికి అడగకు.”

ఆ ఆదివారం వాళ్లు ఎదురుచూస్తున్నది ఒక దాత కోసం. యశ్వంత్ కూతురు నిత్యకు నాలుగో ఏడు నడుస్తోంది. ఇంకా ఒక్క మాట రాలేదు. కోదాడ నుంచి సూర్యాపేటకు స్పీచ్ థెరపీకి తీసుకెళ్తున్నారు. యశ్వంత్ మిర్యాలగూడలో రైసుమిల్లు గుమస్తా. జీతంలో సగం థెరపీకే పోతోంది. సాయం చేయమని మిల్లు సేటు విశ్వేశ్వర్‌ను అడిగితే, “మాటలకు ఫీజేందయ్యా? వస అరగదీసి నాలుకకు రాయి,” అన్నాడు.

ఈ నెలతో మానిపిస్తామని యశ్వంత్ భార్య శిల్ప థెరపిస్టు సుమలతకు చెప్పింది.

“జర ఆగమ్మా,” అంది సుమలత. “మేళ్లచెరువు సిమెంటు ఫ్యాక్టరీల చేసేటాయన ఒకరున్నరు. ఆదివారం మీ ఇంటికొస్తరు. పాపను చూసినంక చెప్తనన్నరు. పేరు మాత్రం చెప్పొద్దన్నరు.”

సిమెంటు ఫ్యాక్టరీ అంటే మేనేజరే అనుకున్నారు. ఎదురింటి నుంచి కుర్చీలు తెచ్చారు. శిల్ప నిత్యకు కొత్త గౌను తొడిగింది. మళ్లీ విప్పి పాతది తొడిగింది.

“కొత్తది చూస్తే పైసలున్నయనుకుంటరు,” అంది.

కాసేపటికి ఒక బైకు వచ్చి ఆగింది. దిగినతనికి ముప్పై ఏళ్లుంటాయి. చెప్పులకు సిమెంటు అంటుకుని ఉంది.

“ఎవరు కావాలె?” యశ్వంత్ అడిగాడు. చూపు మాత్రం రోడ్డు మీదే ఉంది.

“ని... నిత్త... పాప...” మాట ముద్దగా వచ్చింది.

“బండి జర పక్కకు పెట్టన్నా. కారొస్తది.”

కారు వస్తోందేమోనని యశ్వంత్ రోడ్డు మీదికి నడిచాడు. బైకతను బండి పక్కకు పెట్టి, గేటు తీసుకుని లోపలికి వచ్చాడు. అరుగు మీద నిత్య ప్లాస్టిక్ గిన్నెలతో ఆడుకుంటోంది. ఆమె ఎదురుగా కూర్చున్నాడు. నిత్య చేయి తీసుకుని తన గొంతు మీద పెట్టుకున్నాడు.

“మ్... మ్మ్...” అన్నాడు.

నిత్య చేయి తీయలేదు.

ఆండాళు తలుపులోంచి చూసింది.

“ఒరేయ్ యశ్వంత్! ఎవడో పిల్లను పట్టుకున్నడ్రా!”

యశ్వంత్ ఉరికి వచ్చి అతని కాలర్ పట్టుకుని లేపాడు.

“ఎవడ్రా నువ్వు?”

“నే... నేను... సు... సు...”

“పొద్దుగాలనే తాగినవా? నాలుక తిరుగుతలేదు గాని పిల్లలు కావాల్నా?”

“కా... కాదు... సుమ...”

“సుమా లేదు, గిమా లేదు. నడువ్!”

అతను ఇంకేదో చెప్పబోయాడు. మాట మొదటి అక్షరం దగ్గరే ఆగిపోయింది. యశ్వంత్ ఆగలేదు. గేటు బయటికి నెట్టి గడియ పెట్టాడు.

అతను కాలర్ సర్దుకున్నాడు. అరుగు వైపు చూసి నిత్యకు చెయ్యి ఊపాడు. బైకు తీసుకుని వెళ్లిపోయాడు.

“వాసనైతే రాలేదురా,” అంది ఆండాళు.

“వాసన రానివి కూడా అమ్ముతున్నరులే.”

శిల్ప వంటింట్లోంచి గరిటెతో వచ్చింది. “ఎవరండీ?”

“ఎవడో తాగుబోతు. నువ్వు ఉప్మా సూస్కో, మాడుతది.”

మధ్యాహ్నం దాటింది. ఉప్మా చల్లారింది. శిల్ప ఫోన్ పట్టుకుని ఇంట్లోకీ బయటికీ తిరుగుతోంది.

“మనం బాగనే ఉన్నమని ఎవరన్న చెప్పిండ్రేమో...”

“బాగనే ఉన్నమని మనకు తెల్వకుండ ఎవరికి తెలుస్తదే?” యశ్వంత్ కుర్చీలు ఒకదాని మీద ఒకటి వేశాడు. “ఇగ రారు. రేపటి నుంచి మానిపిద్దాం.”

శిల్ప చల్లారిన ఉప్మా మీద మూత పెట్టింది.

నిత్య అరుగు మీద ఒక్కతే ఉంది. తన గొంతు మీద చెయ్యి పెట్టుకుని ఉంది. ఎవరూ చూడలేదు.

ఎండ తగ్గుతుండగా సుమలత ఫోన్ చేసింది. శిల్ప స్పీకర్ పెట్టింది.

“పరేషాన్ కాకు శిల్పా. నిత్యది ఏడాది ఫీజు ఆయనే కడతనన్నడు. రేపు ఎప్పటిలెక్కనే తీస్కరా.”

శిల్ప స్పీకర్ చప్పుడు పెంచింది. “ఎవరు మేడం? మా ఇంటికి ఎవరూ రాలేదే!”

“రాలేదా? వచ్చిన, పాపను చూసిన అన్నడే! పాప నన్ను చూసి భయపడలేదు, చెయ్యి గుంజుకోలేదు అని ఒకటే సంబరం.”

యశ్వంత్ ఫోన్ దగ్గరికి వంగాడు. “లేదు మేడం. పొద్దటి నుంచి గేటు కాడనే ఉన్న. ఎవడో తాగుబోతు ఒక్కడొచ్చిండు. మాట కూడా సరిగ వస్తలేదు వానికి. నేనే ఎల్లగొట్టిన.”

అవతల ఫ్యాను తిరుగుతున్న చప్పుడు వినిపించింది.

“మేడం?”

“కొట్టినవా?”

“లేదు... లేదు మేడం. కాలర్ పట్టుకున్న. అంతే.”

“నాకు చెప్పలేదు వాడు.”

యశ్వంత్ శిల్ప వైపు చూశాడు.

“రేపు సెంటర్‌కొచ్చి వాళ్లతోని మాట్లాడరా అని నేనంటే,” సుమలత అంటోంది. “నేను రాను, పైసలు పంపుత అన్నడు. ఎందుకని అడిగినా చెప్పలేదు.”

“మేడం,” శిల్ప గొంతు తగ్గించింది. “ఆయన మీకు ఎట్ల తెలుసు?”

“నా కొడుకమ్మా,” అంది సుమలత. “నన్ను అమ్మా అని పిలిచేసరికి వానికి ఏడేండ్లు నిండినయ్.”