రాక్షసరాజుకి పెరుగన్నం

మా కాలనీలో నీళ్ల ట్యాంకర్ దగ్గర కొట్లాటలు మానేసి మూడేళ్లయింది. ఇప్పుడు అందరం పొద్దున్నే గేటు పక్కనున్న తెరలో వీడియో గేమ్ ఆడతాం. గులాబీరంగు జుట్టు రాక్షసరాజుని దాటి ఎవరు ముందు కోటలోకి పోతే వాళ్ల బిందెలే ముందు నిండుతాయి.

రోజూ జిమ్ చలపతే గెలిచేవాడు. మెస్ నడిపే వరహాలమ్మ పిన్ని వంతు వచ్చేసరికి ట్యాంకర్‌లో అడుగు నీళ్లే మిగిలేవి. నలభై మందికి వండాలి మరి. విసుగొచ్చి, ఓ రోజు పిన్నే ఆటలోకి దిగింది.

రాక్షసరాజు జుట్టు ఎగరేసి, తన పగ గురించి ఉపన్యాసం అందుకున్నాడు. మేమెవ్వరం అది వినం, కత్తి దూసేస్తాం. పిన్ని చేతులు కట్టుకుని చివరిదాకా విన్నది.

"ఖాళీ కడుపుతో ఉన్నవాణ్ణి నేను కొట్టను. తిన్నావా?" అంది.

గాయాలు మానడానికని ఆటలో అందరి సంచుల్లోనూ పెరుగన్నం ఉంటుంది. పిన్ని అది తీసి వాడికి పెట్టింది. వాడు కత్తి పడేసి, కళ్లల్లో కొళాయిలు విప్పినట్టు ఏడుస్తూ తిన్నాడు. ఆవిడ నింపాదిగా కోటలోకి నడిచింది.

"కొట్టకుండా గెలవడమేంటి?" అని చలపతి ఎగిరాడు.

"కొట్టాలని ఎక్కడ రాసుందిరా?" అంటూ పిన్ని బిందె పెట్టింది.

మర్నాడు చలపతి అందరికంటే ముందొచ్చి, పెరుగన్నం చాపి, "తిన్నావా?" అని ప్రేమగా అడిగాడు.

మెట్ల మీద కూర్చున్న రాక్షసరాజు అటు చూడనైనా లేదు.

"పిన్ని రానీ. ఇవాళ కూరేంటో కనుక్కోవాలి."